గుత్తి కొండ మీద మూడు రోజుల నీళ్లు

ముందే చెప్పేస్తున్నాను, ఈ కథ చివర కోట పోతుంది. గుత్తి కొండను గెలిచింది దాహం. ఆ సంగతి తెలిసే చదవండి.

హిందూపురం మార్కెట్టులో చింతపండు రాశుల పక్కన నిలబడితే నోరు దానంతటదే ఊరుతుంది. ఎండుమిరప బస్తా విప్పితే నాలుగు కొట్ల అవతలి మనిషి తుమ్ముతాడు. బెల్లం మండీలు, పట్టుగూళ్ల వేలం, మూటలెత్తే హమాలీల కేకలు. ఆ గోలలో ఊరి పేరు ఎక్కడిదని అడిగే తీరిక ఎవరికుంటుంది? గుత్తిని ఏలిన మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే ఆ ఊరు కట్టించి, తన తండ్రి హిందూరావు పేరు పెట్టాడు. వర్షం మొహం చాటేసే ఈ మెట్టసీమలో, పండిన నాలుగు గింజలూ బెల్లపు దిమ్మలూ చేరడానికి ఒక చోటు కుదిరింది.

అతన్ని పుణ్యాత్ముడని చెప్పబోవడం లేదు. కత్తి అమ్ముకుని బతికిన మనిషి. 1741లో మరాఠాలు తిరుచిరాపల్లి పట్టుకుంటే ఆ కోట కాపలా అతనికి దక్కింది. 1751లో ఆర్కాటులో చిక్కుకున్న ఆంగ్లేయ సేనాని క్లైవుకు అండగా కదిలినవీ అతని గుర్రాలే. కొన్నాళ్లకే అవతలి పక్షాన కనబడ్డాడు. గుత్తి కొండ అంచున, కిందికి చూస్తే కళ్లు తిరిగే చోట, నున్నటి సున్నపు మంటపం ఒకటుంది. మురారిరావు గద్దె అంటారు. అక్కడ చదరంగం ఆడుతూ ఎదుటి బండ మీంచి ఖైదీలను తోయించేవాడని చెప్పుకుంటారు. ఇదంతా తెలిసి కూడా, అతని ఆఖరి రోజులు తలుచుకుంటే గొంతు పట్టుకుంటుంది నాకు.

బళ్లారి చేజిక్కించుకున్న మైసూరు హైదరాలీ కన్ను గుత్తి మీద పడింది. కప్పం కట్టమన్నాడు. మరాఠా సేనాపతిని, పుచ్చుకోవడమే గానీ ఇవ్వడం ఎరగనన్నాడు మురారిరావు. ఆ పూట తల కాస్త వంచి ఉంటే? వంచే మెడ కాదది. సాయం కోసం మరాఠాల పూనా వైపు చూశాడు. అండగా నిలవగలిగిన పీష్వా మాధవరావు 1772లోనే పోయాడు. ఆ మరుసటేడు అతని తర్వాత పీష్వా అయిన తమ్ముడు నారాయణరావును ఇంట్లోనే నరికేశారు. గద్దె కోసం కొట్టుకుంటున్న వాళ్లకు గుత్తి గోడు ఎక్కడ వినబడుతుంది?

హైదరు ముట్టడించాడు. ఊరు పోయింది. దిగువ కోట పోయింది. పైకోట మాత్రం నిలిచింది. గుత్తి బండ నిటారైనది, నిచ్చెనలకు అందేది కాదు. బండ తొలిచిన గుండాల్లో మాత్రం నీళ్లు రోజుకింత దిగిపోతున్నాయి. ఈ సీమలో మేఘం వస్తుంది, నిలబడి చూస్తుంది, పోతుంది.

చివరికి రాజీ కుదిరింది. ఇంత సొమ్ము ఇచ్చేటట్టు, మిగతాది చెల్లేదాకా ఒక యువకుడు జామీనుగా హైదరు శిబిరంలో ఉండేటట్టు. ఇక్కడే ఆగిపోవాలనిపిస్తుంది. ఇక్కడ ఆగితే కోట ఉంది, మురారిరావు ఉన్నాడు, గుండంలో ఇంకా కాసిని నీళ్లున్నాయి.

హైదరు ఆ కుర్రవాణ్ణి పక్కన కూచోబెట్టుకున్నాడు. తినిపించాడు, మెచ్చుకున్నాడు. పొగడ్తకు పొంగిపోయి కుర్రవాడు తన దొర పరువు నిలబెట్టబోయాడు. మా దొర ఊరికే లొంగే మనిషా, మూడు రోజులకు సరిపడా నీళ్లే మిగిలాయి గనుక సరేనన్నాడు గానీ, అన్నాడు.

అంతే. ఇంట్లో గింజల్లేవని బేరంలో నోరు జారకూడదని హిందూపురం మండీలో మూట దించే ప్రతి రైతుకూ తెలుసు. అవసరం బయటపడిన సరుకుకు ధర పలకదు. బజారు నిలబెట్టిన మనిషి బతుకు ఆ ఒక్క మాటతో బేరంలోనే పోయింది. ఆ కుర్రవాడి మీద మాత్రం నాకు కోపం రాదు. ప్రేమకొద్దీ అన్నమాటే అది.

ఇచ్చిన సొమ్ము విలువ చాలలేదన్న సాకు దొరికింది హైదరుకు. దారులు మళ్లీ మూతపడ్డాయి. ఒకటో రోజు, రెండో రోజు, మూడో రోజు. గుండాల అడుగున బురదను చేత్తో దేవుకున్న ఆడవాళ్లూ ఆ పైకోటలో ఉండే ఉంటారు. వాళ్ల పేర్లు ఎవరు రాశారు గనక. 1776లో మురారిరావు ఏ షరతూ లేకుండా కొండ దిగాడు.

మొదట శ్రీరంగపట్నం, తర్వాత కబ్బాళదుర్గం. కన్నడ నేల మీద మరో ఒంటరి కొండ. చెడ్డ నీళ్లకు పేరుపడ్డ చెర అది. నీళ్లు లేక కోట పోగొట్టుకున్నవాడు ఆ నీళ్లు తాగుతూ అక్కడే పోయాడు.

గుత్తి కోట ఎక్కేవాళ్లకు ఒక మాట. గద్దె దాకా వెళ్లాలంటే ఎండలో చాలాసేపు నడవాలి. కిందే సీసాలు నింపుకోండి. పైన నీళ్లు దొరకవు.