మన ఇంటి కిటికీ: దాని భాగాలు, వాటి చరిత్ర

పదవీ విరమణ చేశాక మనలో చాలామందికి ఇంట్లో ఇష్టమైన చోటు కిటికీ పక్కన కుర్చీయే. పేపరు చదవడానికి వెలుతురు, మధ్యాహ్నం కునుకుకు గాలి, వీధిలో వెళ్ళేవారి పలకరింపు అన్నీ అక్కడే దొరుకుతాయి. అయితే ఇల్లు బాగుచేయించేటప్పుడు పిల్లలు ముందు అనే మాట, "ఈ పాత కిటికీలు తీయించేద్దాం నాన్నా" అని. తీయించే ముందు వాటిలో ఏ భాగం ఎందుకు వచ్చిందో తెలుసుకోవడం మంచిది.

సంస్కృతంలో కిటికీకి గవాక్షమని పేరు. అంటే ఆవు కన్ను. ఇంగ్లీషువారి 'విండో' అనే మాటకు మూలం ప్రాచీన నార్స్ భాషలోని 'విండౌగ'. దాని అర్థం గాలి కన్ను. ఎక్కడెక్కడి వారూ కిటికీని ఇంటికి కన్నుగానే భావించారన్నమాట. ఏలూరు జిల్లా గుంటుపల్లి బౌద్ధ గుహలను చూసినవారికి అక్కడి గుండ్రని చైత్యగృహం గుర్తుండే ఉంటుంది. ముందు భాగాన గుర్రపునాడా ఆకారపు కమాను, లోపల పైకప్పుకు చెక్క వాసాల్లాగే చెక్కిన రాతి వాసాలు ఉన్నాయి. రాతిలో తొలిచినవారు అంతకుముందు వడ్రంగులు కర్రతో చేసిన పనినే అనుకరించారు.

కిటికీకి అద్దం సామాన్యుల ఇళ్ళలోకి ఆలస్యంగా వచ్చింది. ఇంగ్లండులో 1696లో కిటికీల మీద పన్ను వేశారు. పది దాటితే పన్ను పెరిగేది. అది తప్పించుకోవడానికి జనం కిటికీలను ఇటుకలతో మూసేశారు. చీకటి గదుల్లో ఆరోగ్యం చెడుతోందని వైద్యులు మొత్తుకోగా, చివరకు 1851లో ఆ పన్ను రద్దయింది. అద్దం మీది సుంకం 1845లోనే పోయింది. కరిగిన తగరం మీద గాజును తేలించి నున్నని పలకలు చేసే పద్ధతిని పిల్కింగ్టన్ సంస్థ 1959లో ప్రకటించింది. నేటి పెద్ద పెద్ద అద్దాల కిటికీలకు అదే ఆధారం.

మన ప్రాంతంలో సమస్య వేరు. ఇక్కడ వెలుతురుకు కొదవ లేదు. ఎండను, వాన జల్లును ఆపాలి, గాలిని రానివ్వాలి, దొంగను రానివ్వకూడదు. మన కిటికీలోని ప్రతి భాగమూ ఈ నాలుగు అవసరాల నుంచి పుట్టిందే.

పైన ఉండే సన్‌షేడ్ ఎండకూ వానకూ గొడుగు. దాని అడుగున అంచు వెంబడి సన్నని గాడి ఉంటుంది. నీరు గోడ వైపు పాకకుండా అక్కడే చుక్కలుగా రాలిపోవడానికి ఆ గాడి. కిటికీ కింది గట్టును బయటికి వాలుగా కట్టడమూ నీటి కోసమే. ఊచలు దొంగలకూ, పసిపిల్లలు పడిపోకుండానూ. పాత ఇళ్ళలో రెక్కలు రెండు కాదు, నాలుగు. కింది జత మూస్తే వీధివారి చూపు పడదు. పై జత తెరిస్తే గాలి ఆగదు. రెక్క గాలికి కొట్టుకోకుండా కొక్కెం. వేడిగాలి పైకి పోతుంది గనుక అది బయటపడడానికి కప్పు దగ్గర వెంటిలేటరు.

మా ఇంట్లో ముందు గది కిటికీ మార్పించినప్పుడు నేను ఇవేవీ ఆలోచించలేదు. పక్కకు జరిపే రెండు అద్దాల కిటికీ పెట్టించాం, వెంటిలేటరు మూయించాం. చూడడానికి ముచ్చటగానే ఉంది. ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం కరెంటు పోతే మా ఆవిడ గదిలో ఉండలేక బయట అరుగు మీదికి వెళ్ళి కూర్చుంది. అప్పుడు తెలిసింది, ఆ కిటికీ ఎంత తెరిచినా సగమే తెరుచుకుంటుందని.

లెక్క చూడండి. తేమతో కూడిన వేడి ప్రాంతాల్లో గది నేల వైశాల్యంలో ఆరో వంతు, పొడి వేడి ప్రాంతాల్లో పదో వంతు కిటికీలు ఉండాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. కోస్తాలో 120 చదరపు అడుగుల గదికి 20 చదరపు అడుగులు కావాలి. అంత కిటికీ పెట్టినా, జరిపే రకమైతే గాలికి దొరికేది సుమారు 10 అడుగులే.

కొత్త కిటికీలు చెడ్డవని నా ఉద్దేశం కాదు. వాటికి చెద పట్టదు, రంగులు వేయనక్కరలేదు. మార్పించేవారు పూర్తిగా తెరుచుకునే రెక్కల రకం అడగండి. వెంటిలేటరు మూయించకండి. జరిపే రకమే పెట్టించుకుంటే కింది పట్టాలో నీరు పోయే రంధ్రాలు పూడకుండా చూసుకోండి, లేకపోతే వాన నీరు గదిలోకి వస్తుంది. మేము మా వెంటిలేటరును మళ్ళీ తెరిపించాం. మా ఆవిడ కుర్చీ తిరిగి కిటికీ పక్కకు చేరింది.