లావుపాటి గన్నేరు

మా ఓడలరేవులో పూలమొక్క పెంచడమంటే ఇసుకతోనూ ఉప్పుగాలితోనూ పోట్లాటేనండీ. కొబ్బరి, సరుగుడు బతికినట్టు గులాబీ బతకదు. అందుకే కడియం నర్సరీకి వెళ్ళినప్పుడు, "ఎడారి గులాబీ అండీ, నీళ్ళు పెద్దగా అడగదు" అంటే అడీనియం కొనేశాను. అడుగున దుంపలా ఉబ్బిన మొదలు, పైన ఎర్రటి పూలు. ఎంత ముద్దుగా ఉందో!

మా అత్తగారు ఒక ఆకు తుంచి, కారిన రసం చూసి, "ఇది గులాబీ కాదమ్మాయ్, గన్నేరు జాతి. పాకే పిల్లాడున్న ఇంట్లో వద్దు" అన్నారు. మా మరిదిగారి బాబు అప్పుడే పాకుతున్నాడు. అయినా నాకు రోషం వచ్చింది. ఆవిడ మాట తప్పని చూపిద్దామని చదవడం మొదలుపెట్టాను.

1761లో డెన్మార్క్ రాజు అరేబియాకి పంపిన ఆరుగురిలో పీటర్ ఫోర్స్‌కాల్ మొక్కల పండితుడు. ఆయన యెమెన్‌లో ఈ మొక్కను చూసి రాసుకున్నాడు. 1763లో అక్కడే మలేరియాతో పోయాడు, 31 ఏళ్ళకే. ఆరుగురిలో ఇల్లు చేరింది కార్‌స్టెన్ నీబూర్ ఒక్కడే. స్నేహితుడి రాతల్ని 1775లో ఆయనే అచ్చువేయించాడు. అందులో దీని పేరేమిటో తెలుసా? నేరియం ఒబేసం. నేరియం అంటే గన్నేరు, ఒబేసం అంటే లావుపాటిది! 1819లో దీన్ని వేరుచేసి, ఏడెన్ పేరు మీదుగా అడీనియం అన్నారు. కుటుంబం మాత్రం ఇప్పటికీ గన్నేరుదే. మన నందివర్ధనం, దేవగన్నేరు, బిళ్ళగన్నేరు అన్నీ దాని చుట్టాలే.

దక్షిణాఫ్రికాలో దీని చెల్లెల్ని ఇంపాలా లిల్లీ అంటారు. వానల్లేని చలికాలంలో ఆకు రాల్చేసి, మొదట్లో దాచుకున్న నీళ్ళతోనే నిండా పూస్తుంది. ఆఫ్రికాలో వేటగాళ్ళు అడీనియం రసాన్ని బాణాలకు పూసేవారు. గన్నేరులోలాగే ఇందులోనూ గుండెను దెబ్బతీసే విషం ఉంది.

ఇదంతా అత్తగారికి చదివి వినిపించాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు: చిన్నప్పుడు పెరటి గన్నేరు మేసి వాళ్ళ దూడ చచ్చిపోయిందట. ఆ గన్నేరు కొమ్మలు నరికి దూడ ముందర పడేసింది తనేనట.

ఆ సాయంత్రమే కుండీని మేడమీదకి చేర్చాను. వానల్లో మొదలు కుళ్ళకుండా చూరు కిందకి జరుపుతుంటాను. కొమ్మ కత్తిరిస్తే చేతులు సబ్బుతో కడుక్కుంటాను. మీ ఇంట్లో ఉంటే మీరూ పిల్లలకీ పశువులకీ అందకుండా పెట్టుకోండి. పూలు చూడ్డానికి మాత్రం అత్తగారు రోజూ మెట్లెక్కుతున్నారు.