బస్సు మెట్టు ముందు ఆగిన బండి



లాల్ దర్వాజా ప్రాంతంలో నివసించే వృద్ధ దంపతులు కొన్ని నెలల క్రితం నన్ను చూడవచ్చారు. ఆమెకు రెండు మోకాళ్లూ బాగా అరిగిపోయాయి. గుండె బలహీనంగా ఉన్నందున శస్త్రచికిత్స వద్దని వైద్యులు చెప్పారు. ఇంట్లో కర్ర ఊతంతో పది పదిహేను అడుగులు వేయగలరు. వీధిలోకి రావడం మాత్రం మానుకున్నారు. అంతకుముందు అమెరికాలో ఉన్న కుమారుని వద్దకు వెళ్లినపుడు ఆ అబ్బాయి తల్లిదండ్రులను ఓర్లాండోలోని డిస్నీ పార్కుకు తీసుకువెళ్లి, తల్లికి ఒక మొబిలిటీ స్కూటర్ అద్దెకు తీసుకున్నాడట. ఆమె రోజంతా తానే నడుపుకొంటూ తిరిగారు. తిరిగి వచ్చిన తరువాత ఆ కుమారుడే డబ్బు పంపి ఇక్కడా అటువంటి బండి కొనిపెట్టాడు.

ఆయన నన్ను అడిగిన ప్రశ్న ఇది: "డాక్టరుగారూ, అక్కడ బండితో సహా బస్సు ఎక్కించారు. ఇక్కడ జూ పార్కు చూసివద్దామంటే మా వీధి చివర దాటలేకపోతున్నాము. లోపం బండిదా, మాదా?"

రెండూ కాదని చెప్పాను. కానీ ఆ జవాబు ఆయనకు చాలలేదు, నాకూ చాలలేదు. ఆ ప్రశ్నకు సమాధానం వైద్యశాస్త్రంలో కొంత, చరిత్రలో ఎక్కువ ఉన్నది. అందుకే ఈ వ్యాసం.

నడవలేని మనిషి ఊరిలో తిరగడం హైదరాబాదుకు కొత్త విషయం కాదు. 1591లో ఈ నగరం వెలిసిన నాటినుంచీ పల్లకీలు, మేనాలు, డోలీలు ఉండేవి. కలిగినవారిని బోయీలు భుజాన మోసేవారు. లేనివారిని కొడుకులో అన్నదమ్ములో వీపున వేసుకునేవారు. తరువాతి కాలంలో రిక్షా వచ్చింది. పాతబస్తీ రిక్షాను నేటి తరం ఫొటోలలో మాత్రమే చూసి ఉంటుంది. ఘోషా పాటించే స్త్రీల కోసం దానికి పరదాలు కట్టేవారు. 1970లలో నేను వైద్య విద్యార్థిగా ఉన్నపుడు ఉస్మానియా ఆసుపత్రి వాకిట రోగులు దిగేది చాలావరకు రిక్షాలలోనుంచే. రిక్షా అతను ఇంటి గడపవరకు వచ్చేవాడు, రోగి చంకలో చేయి వేసి లేపేవాడు, ఆసుపత్రి దగ్గర దించి లోపలి బల్లవరకు తీసుకువచ్చేవాడు. కొందరు రోగిని వీపున మోసుకు రావడం నేను స్వయంగా చూశాను. ఒక మనిషి చెమటతో మరొక మనిషి ప్రయాణించే ఆ పద్ధతిని నేను మెచ్చుకోవడం లేదు, అది పోవడమే మంచిది. అయితే దానితోపాటు మరి రెండు సౌకర్యాలు పోయాయని మనం గమనించలేదు. బండి గడపదాకా రావడం ఒకటి, ఎక్కించే చేతులు బండితోనే ఉండడం ఇంకొకటి.

ఇక్కడ ఒక సంవత్సరాన్ని గుర్తుంచుకోండి. 1932.

ఆ సంవత్సరం జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వేకు అనుబంధంగా మన ప్రాంతంలో ప్రభుత్వ బస్సులు మొదలయ్యాయి. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. నేటి ఆర్టీసీకి అదే పునాది. అదే సంవత్సరం అమెరికాలో హ్యారీ జెన్నింగ్స్ అనే ఇంజనీరు తన మిత్రుడు హెర్బర్ట్ ఎవరెస్ట్ కోసం ఉక్కు గొట్టాలతో మడవగలిగే చక్రాల కుర్చీని తయారుచేశాడు. ఎవరెస్ట్ గని ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని నడక కోల్పోయినవాడు. అంతకుముందూ చక్రాల కుర్చీలు లేకపోలేదు. 1655లోనే జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో స్టీఫన్ ఫార్‌ఫ్లర్ అనే గడియారాల పనివాడు చేతితో తిప్పుకొనే మూడు చక్రాల బండిని తనకోసం తానే చేసుకున్నాడు. కానీ జెన్నింగ్స్ కుర్చీ ప్రత్యేకత వేరు. దాని అడుగున అడ్డంగా గుణకారపు గుర్తు ఆకారంలో ఉండే రెండు కడ్డీల వల్ల అది మడుచుకుపోయి మోటారుబండిలో పడుతుంది. అంటే కుర్చీ ప్రయాణం చేయడం నేర్చుకున్నది.

మన బస్సు, ఆ కుర్చీ ఒకే ఏడాది పుట్టాయి. పాతబస్తీలో ఆ రెండూ కలవడానికి అర్ధ శతాబ్దానికి పైగా పట్టింది. పూర్తిగా కలిశాయని ఇప్పటికీ చెప్పలేము.

కుర్చీ కథ త్వరగా ముగిస్తాను. రెండవ ప్రపంచయుద్ధంలో గాయపడిన సైనికుల కోసం కెనడాలో జార్జ్ క్లైన్ బృందం విద్యుత్తుతో నడిచే కుర్చీని రూపొందించింది. 1968లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో గొట్టాల పని చేసే అలన్ థీమ్, మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బుతో బాధపడుతున్న తన కుటుంబ సభ్యురాలి కోసం ముందు హ్యాండిల్, మూడు చక్రాలు, ఒక సీటు ఉన్న చిన్న బ్యాటరీ బండిని చేశాడు. దానికి అమిగో అని పేరు పెట్టాడు. స్పానిష్ భాషలో స్నేహితుడు అని అర్థం. లాల్ దర్వాజాలోని ఆ తల్లి బండికి తాత అదే.

బస్సు కథ అంత త్వరగా ముగియదు. ఓర్లాండోలో బస్సు ఆమెకోసం ర్యాంప్ దించింది, డ్రైవరు వచ్చి బండిని పట్టీలతో బిగించాడు. అది ఆ సంస్థ మర్యాద ఒక్కటే అనుకోకండి. 1978 జూలైలో డెన్వర్ నగరంలో 19 మంది వికలాంగులు రద్దీ కూడలిలో తమ కుర్చీలతో బస్సులకు అడ్డంగా నిలిచి, రాత్రంతా కదలలేదు. చక్రాల కుర్చీ ఎక్కలేని బస్సు మాకు బస్సే కాదన్నది వారి వాదన. అటువంటి పోరాటాలు పెరిగి 1990లో అక్కడ వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. డ్రైవరు ర్యాంప్ దించడం వెనుక ఆ రాత్రి ఉన్నది.

మన దగ్గర అదే కాలంలో ఏమి జరిగింది? పోలియో. నా ఉద్యోగ జీవితంలో తొలి రెండు దశాబ్దాలు ఆ వ్యాధి మన పిల్లల కాళ్లను తీసుకుపోవడం చూస్తూ గడిచాయి. (దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. ఆ వార్త విన్నరోజు నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను.) ఆ పిల్లలు పెద్దవారైనపుడు మనం వారికి ఇచ్చినది చేతులతో పెడల్ తిప్పే మూడు చక్రాల సైకిల్. కాన్పూర్‌లోని ప్రభుత్వ సంస్థ అలింకో 1976 నుంచి సహాయక పరికరాలను ఉత్పత్తి చేస్తున్నది. 1981 నుంచి కేంద్ర ప్రభుత్వ పథకం ద్వారా అవి పేదలకు చేరాయి. వాటివల్ల లక్షలమంది ఇల్లు కదలగలిగారు, అందులో సందేహం లేదు. కానీ ఆ సైకిల్ మడవదు, బస్సులో పట్టదు. బస్సు ఎక్కలేనివానికి బస్సు మార్చే బదులు, దూరమంతా నీ చేతులతోనే తొక్కుకో అని చెప్పినట్లయింది. ఆ చేతులే ముప్ఫై ఏళ్ల తరువాత భుజాల నొప్పితో నా గదికి వచ్చేవి.

చట్టాలు మనకూ వచ్చాయి. 1995 నాటి వికలాంగుల చట్టం రవాణా గురించి చెప్పింది, కానీ ప్రభుత్వ ఆర్థిక స్థోమత మేరకు అన్న మాటను జోడించింది. 2016 చట్టం మరింత గట్టిది. 2017 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చింది. 2019 డిసెంబరులో కేంద్ర మోటారు వాహన నియమాలను సవరించి, బస్సులలో చక్రాల కుర్చీ ఎక్కేందుకు, లోపల బిగించేందుకు ఏర్పాట్లు ఉండాలన్నారు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు మరొక మాట చెప్పింది: సదుపాయాల ప్రమాణాలు సలహాలుగా ఉంటే చాలదు, తప్పనిసరి నియమాలు కావాలి. ఆ తీర్పుకు ఆధారమైన అధ్యయనాన్ని చేసినది మన హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వికలాంగుల అధ్యయన కేంద్రమే. మన ఊరి ప్రజలకు ఈ సంగతి ఎక్కువగా తెలియదు.

ఇక కొలతలు చూడండి. మన పట్టణ బస్సులకు కేంద్రం నిర్ణయించిన నేల ఎత్తులు మూడు రకాలు: 400, 650, 900 మిల్లీమీటర్లు. 900 అంటే సుమారు మూడు అడుగులు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి స్త్రీలకు ఆర్టీసీ బస్సు ప్రయాణం ఉచితం. ఆ తల్లికి టికెట్టు అక్కర లేదు, మెట్టు ఎక్కితే చాలు. ఆ మెట్టే ఎక్కలేరు. పోనీ 400 ఎత్తు బస్సే వచ్చిందనుకుందాం. ఎవరి సాయమూ లేకుండా ఎక్కాలంటే ర్యాంప్ వాలు సాధారణంగా 1:12 ఉండాలి. రోడ్డు మీదనుంచి ఎక్కాలంటే దాదాపు అయిదు మీటర్ల ర్యాంప్ కావాలి. ఏ బస్సూ అంత పొడవు మోయదు. కాలిబాట 150 మిల్లీమీటర్లు ఎత్తుండి, బస్సు దానిని ఆనుకొని నిలిస్తే తేడా 250కి తగ్గుతుంది. అపుడు చిన్న ర్యాంప్, వెనుకనుంచి ఒక చేయి సరిపోతాయి. అంటే బస్సు మంచిదయితే చాలదు, కాలిబాట ఉండాలి, ఆ కాలిబాట మీద దుకాణం ఉండకూడదు. పాతబస్తీని ఎరిగినవారికి నేను ఇంతకంటే వివరించనక్కరలేదు.

మెట్రోలో ఈ చిక్కు లేదు. ప్లాట్‌ఫారం, పెట్టె నేల సమానంగా ఉంటాయి, లిఫ్టులు ఉన్నాయి. కానీ 2017 నవంబరులో మొదలైన మెట్రోలో, పాతబస్తీ వైపు రావలసిన మార్గం 2020 ఫిబ్రవరిలో మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌వరకు వచ్చి మూసీ ఒడ్డున ఆగిపోయింది. నది దాటి పాతబస్తీలోకి వెళ్లే మార్గానికి 2024 మార్చి 8న శంకుస్థాపన జరిగింది. ఎం.ఎం.టి.ఎస్. రైలు ఫలక్‌నుమాకు వస్తుంది గాని, ప్లాట్‌ఫారానికీ రైలు నేలకూ ఎత్తు తేడా ఉంటుంది. చార్మినార్ చుట్టూ వాహనాలను తగ్గించి నడిచేవారికి రాతిపలకలు పరిచారు, మంచి పనే. నడవలేనివారు మాత్రం ఆటో ఆగినచోటు నుంచి ఎట్లా వెళ్లాలో ఎవరూ ఆలోచించినట్లు కనబడదు. మొబిలిటీ స్కూటర్ ఉన్నవారికి అది నిజానికి నగరంలోకెల్లా అనువైన చోటు. అక్కడిదాకా బండి చేరాలి, అంతే.

జూ పార్కు సంగతీ అంతే. 1963 అక్టోబరు 6న తెరచిన నెహ్రూ జంతుప్రదర్శనశాల 380 ఎకరాలది. మీరాలం చెరువు పక్కన, లాల్ దర్వాజాకు నాలుగైదు కిలోమీటర్లకు మించని దూరంలో ఉన్నది. లోపల బొమ్మ రైలు, బ్యాటరీ బండ్లు నడుస్తాయి. ఇటువంటి పార్కుల బ్యాటరీ బండి ఎక్కడైనా బెంచీల వరుసే. మనిషి ఎక్కవచ్చు, ఆమె స్కూటర్ ఎక్కదు. ఎక్కి కూర్చున్నవారు దిగిన ప్రతిచోటా మళ్లీ నడవాలి. కాబట్టి లోపల ఆ వాహనాలకంటే ఆమె సొంత బండే మేలని చెప్పాను. చిక్కంతా ఆ నాలుగైదు కిలోమీటర్లలోనే ఉన్నది.

ఇటువంటి బండి కొనదలచినవారికి వైద్యునిగా కొన్ని మాటలు. స్కూటర్, చక్రాల కుర్చీ ఒకటి కాదు. స్కూటర్‌కు నిటారుగా కూర్చునే శక్తి, రెండు చేతుల పట్టు, చూపు, నాలుగడుగులు వేసి సీటు మారగల సామర్థ్యం కావాలి. పక్షవాతం తరువాత కొందరికి శరీరంలో ఒక పక్క జరిగేది మనసుకు ఎక్కదు, అటువంటివారు నడపరాదు. మామూలు మోకాళ్ల నొప్పికి దీనిని వాడితే తొడ కండరాలు మరింత క్షీణిస్తాయి, వారికి వ్యాయామమే మందు. నిజంగా అవసరమైనవారు సంకోచించి ఇంట్లో ఉండిపోవడం మాత్రం అంతకంటే ప్రమాదం. కదలక కూర్చున్న కాళ్లలో రక్తం గడ్డకడుతుంది, పుండ్లు పడతాయి, అన్నిటికంటే ముందు మనసు కుంగుతుంది. ఆ తల్లి విషయంలో నాకు భయం వేసినది మోకాళ్ల గురించి కాదు. గత బోనాలకు కూడా వాకిలి దాటలేదని భర్త చెప్పినపుడు ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు.

మరొకటి. స్కూటర్ ఎత్తు ఎక్కువ, వెడల్పు తక్కువ. కదిలే వాహనంలో దానిమీద కూర్చొని ఉంటే మలుపులో ఒరిగిపోతుంది. బండిని ఎక్కించిన తరువాత తాళం ఆపి, పట్టీలతో కట్టి, మనిషి మామూలు సీటులోకి మారాలి. ప్రయాణానికి విడదీసే రకాలలోనూ ఒక్కొక్క భాగం పదిహేను కిలోలదాకా ఉండవచ్చు. కొనేముందు ఇంట్లో ఎవరు ఎత్తగలరో చూసుకోండి.

మొన్న ఆ పెద్దాయన ఫోన్ చేశారు. ఒక ఆదివారం సామాన్లు మోసే ట్రాలీ ఆటోను మాట్లాడుకొని స్కూటర్‌ను అందులో పంపి, తాము వెనుక మరొక ఆటోలో వెళ్లారట. ఆమె సాయంత్రందాకా తిరిగారట. పులుల దగ్గర చాలాసేపు ఆగారట. ట్రాలీలోకి ఎట్లా ఎక్కించారని అడిగాను. డ్రైవరు ఎక్కడినుంచో ఒక చెక్క పలక తెచ్చి ఆనించాడని చెప్పారు.

"పలక ఎంత పొడవుంటుంది?" అన్నాను.

ఏడడుగులట. ట్రాలీ ఎత్తు రెండడుగులు. నా లెక్క ప్రకారం అది చాలా నిటారు. అందుకే ఆమెను ముందే ఆటోలో కూర్చోబెట్టి, ఖాళీ బండిని డ్రైవరు, పక్క దుకాణపు కుర్రవాడు ఇద్దరూ కలిసి తోశారట. తిరుగు ప్రయాణంలో పలక దొరకలేదు. నలుగురు పట్టి ఎత్తారు.