పాలారు తీరమున ఆతురశాల



మన కుప్పము సీమ మీదుగా తమిళదేశమునకు సాగిపోవు పాలారు నది, కాంచీపుర ప్రాంతమున తిరుముక్కూడల్ వద్ద చెయ్యారు, వేగవతి నదులతో కలియుచున్నది. అచ్చటి వేంకటేశ పెరుమాళ్ ఆలయమున వీరరాజేంద్ర చోళుని కాలపు శాసనమొకటి కలదు. క్రీ.శ. 1069 ప్రాంతమునాటిది. ఆలయాదాయమును ఏయే ధర్మములకు ఎంతెంత వెచ్చింపవలెనో అందు లెక్కతో చెక్కించిరి. ఆ ధర్మములలో 15 పడకల ఆతురశాల, అనగా వైద్యశాల, ఒకటి.

దానికి ఒక వైద్యుడు, శస్త్రచికిత్స చేయువాడొకడు, మూలికలు తెచ్చి మందులు కాచుటకు ఇద్దరు, పరిచర్యకు ఇద్దరు స్త్రీలు, ఒక మంగలి నియమితులైరి. వారికి ధాన్యరూపమున జీతము. రాత్రి దీపమునకు నూనె వేరుగా ఏర్పాటు. వేదము చదువు విద్యార్థికిని, ఆలయమున పాటుపడు సేవకునికిని ఒకే శాల!

మన ఆంధ్రదేశమున 1261 నాటి మల్కాపురశాసనము సైతము ఇట్టిదే. కాకతీయులిచ్చిన గ్రామముల ఆదాయమును విశ్వేశ్వరశంభువు మూడు భాగములు చేసి, అందొక భాగమును ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, అన్నసత్రమునకు కేటాయించెను.

వీనియందు మేము గ్రహించినదేమనగా, అది మనసు కరిగిన దినమున ఇచ్చిన దానము కాదు. గాయపడినవాడు గడప తొక్కకముందే వైద్యుని జీతమును, దీపపు నూనెయు సిద్ధముగా నుండెను.

గుడుపల్లె వంటి మెట్టసీమలో పంట తప్పినచో రాతిక్వారీకో, రైలెక్కి బెంగుళూరు కట్టడపు పనికో పోవలసినదే. అచ్చట కాలు విరిగిన కూలీకి చికిత్స దొరకదని కాదు. కుప్పమున పి.ఇ.ఎస్. వైద్యకళాశాల ఆసుపత్రి యున్నది. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానములు 1985లో నెలకొల్పిన బర్డ్ ఆసుపత్రి ఎముకల చికిత్సకే వెలసినది. అయినను అచ్చటికి చేర్చు బండి యెవరిది? తోడు పోవువాని కూలి యెవరిచ్చును? ఎముక అతుకుకొను నెలలలో ఆ యింటి పొయ్యి ఎట్లు వెలుగును?

పనిలో గాయపడినవానికి యజమాని పరిహారమీయవలెనని 1923లోనే చట్టమైనది. అది హక్కు, మన దానము దానికి బదులు కారాదు. ఆ హక్కు చేతికందువరకు ఆ కుటుంబమును నిలుపుటయే ధర్మము.

కావున ప్రతి ఆలయమును ఉత్సవవ్యయముతోపాటు ఆతురనిధి యని యొక పద్దును ఏటేట వ్రాసి యుంచవలెను. దేవుని సన్నిధి దీపమునకు నూనె లెక్కించిన పూర్వులు, రోగి తలాపి దీపమునకును లెక్కించిరి కదా!

స్వస్తి.