ఊతపదం నుంచి మీమ్ దాకా: అంతర్జాల తెలుగులో పలుకుబడుల అరుగుదల

నడవలేనివానికి చేతికర్ర ఎటువంటిదో మాట తోచనివానికి ఊతపదం అటువంటిది. తెలుగు ఆ పేరును అంతర్జాలానికి చాలా ముందే పెట్టుకొంది. సామాజిక మాధ్యమాలలో ఒకే పలుకుబడి వందల వ్యాఖ్యలలో పునరావృతం కావడాన్ని పరభాషా వ్యామోహంగా వివరించడం మన విమర్శలో పరిపాటి. తెలుగు భాషాచరిత్ర ఈ వివరణను సమర్థించదు. పలుకుబడి అరిగేది పరాయిదైనందువల్ల కాదు, అది పుట్టిన సందర్భం వాడేవారి ఎరుకలోనుంచి జారిపోయినందువల్ల.

నాగార్జునసాగర్ రహదారి మీది ఇబ్రహీంపట్నం పేరునే చూడవచ్చు. ఇబ్రహీం కుతుబ్ షా (పాలన 1550–1580) పేరు ఊరికి యథాతథంగా నిలిచింది. తెలుగు కవులు మాత్రం ఆయనను 'మల్కిభరాముడు' చేశారు. అద్దంకి గంగాధరకవి 'తపతీ సంవరణోపాఖ్యానము'ను అంకితమిచ్చింది ఈ మల్కిభరామునికే. పరాయి పేరు తెలుగు ఉచ్చారణకు, ఛందస్సుకు లొంగింది. భాష దానివల్ల చెడలేదు. గురజాడ 'కన్యాశుల్కం' (తొలి ప్రదర్శన 1892, మలికూర్పు 1909) మరో కోణం చూపింది. గిరీశం దొర్లించే ఇంగ్లీషు ముక్కలకు అర్థం కన్నా హోదా ముఖ్యం. అతని చేతిలో ఊతపదం సమాచారం కాదు, మెడలో వేసుకొన్న బిళ్ళ. నేటి సమూహాలలోని సంకేతపదాల పని కూడా చాలావరకు ఇదే: లోపలివారెవరో, బయటివారెవరో తేల్చడం.

ఈ విభజనకు పేర్లు పెట్టిన ఘనత పింగళి నాగేంద్రరావుది. 'మాయాబజార్' (1957)లోని 'అస్మదీయులు', 'తస్మదీయులు' జంటలో మొదటిది సంస్కృతరూపమే. రెండవదానికి వ్యాకరణం ఒప్పుకోదు. 'తదీయ' కావలసినది ప్రాసకోసం 'తస్మదీయ' అయింది. ఆ తప్పులోనే హాస్యమంతా ఉంది. అదే చిత్రంలోని 'వీరతాడు' అర్ధశతాబ్దం తరువాత తెలుగు బ్లాగులలో మెచ్చుకోలుగా మళ్ళీ మొలకెత్తింది.

ఆ మధ్యకాలంలో అంతర్జాల తెలుగు లిపికోసం పెనుగులాడింది. 1990ల తొలినాళ్ళలో యూజ్‌నెట్‌లోని తెలుగు చర్చావేదిక రోమన్ అక్షరాలలోనే నడిచింది. రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనందకిశోర్ రూపొందించిన లిప్యంతరీకరణ (ఆర్‌టీఎస్) ఆ అవసరంలోనుంచి వచ్చినదే. యూనికోడ్ వ్యాప్తితో బ్లాగర్లు తెలుగు లిపికి మరలినపుడు పాత మాటలకు కొత్త పని ఇచ్చారు. ఉత్తరాల 'టపా' బ్లాగురచన అయింది. ఇటువంటి పదాలు నిఘంటుకారులు ఇచ్చినవి కావు, వాడుకలో నిగ్గుతేలినవి. అయితే 'వీరతాడు' కూడా అరిగింది. రచన ఎందుకు నచ్చిందో చెప్పవలసిన చోట ఒక వీరతాడు వేసి తప్పుకోవడం ఆనాటి వ్యాఖ్యలలోనూ ఉంది. పరాయిది కానంత మాత్రాన ఊతపదానికి మినహాయింపు లేదు.

2021 డిసెంబరులో విడుదలైన 'పుష్ప' ఇందుకు మరింత స్పష్టమైన ఉదాహరణ. 'తగ్గేదే లే' చిత్తూరు మాండలిక ఛాయగల ప్రయోగం. 'లేదు' అన్నది 'లే' కావడం తెలంగాణకు కొత్త కాదు; ఇబ్రహీంపట్నం ప్రాంతంలో 'రాలే', 'పోలే' నిత్యవ్యవహారమే. అయితే 'రాలే' జరగని పనిని చెబుతుంది, 'తగ్గేదే లే' జరగనివ్వనన్న పంతాన్ని చెబుతుంది. మాండలికంలో ఈ నిర్మాణం ఏ క్రియతోనైనా రాగలదు. మీములలో అది ప్రధానంగా ఒకే క్రియతో గడ్డకట్టింది. ధరలకూ, ఎండలకూ, ఎన్నికలకూ అదే మాట అంటించాక పంతం ఆవిరై, పాత్ర గొంతు ఒక్కటే మిగిలింది. వెండితెర మాండలికానికి గౌరవం తెచ్చిందన్న వాదన నిజమే కావచ్చు. కానీ ఆ గౌరవం ఒక్క వాక్యానికి దక్కింది, మాండలికానికి కాదు.

పరిశోధకునికి అసలు చిక్కు ఆధారాల దగ్గర వస్తుంది. 'మాయాబజార్' మాటల పుట్టుకను తేదీతో సహా చెప్పగలం. ఆర్కుట్ 2014 సెప్టెంబరులో మూతపడింది. 'రచ్చబండ' వంటి తెలుగు చర్చావేదికలకు చోటిచ్చిన యాహూ గ్రూప్స్ 2019 డిసెంబరులో పాత సంచయాలను తొలగించి, మరుసటి డిసెంబరులో పూర్తిగా ఆగిపోయింది. వాట్సాప్ సంభాషణలు మొదటినుంచీ బయటివారికి అందనివే. పైగా రోమన్ లిపిలో ఒకే మాటను నలుగురు నాలుగు విధాలుగా రాస్తారు. వెతికినా అన్నీ దొరకవు. అందువల్ల ఏ పలుకుబడి ఎప్పుడు వచ్చింది, ఎన్నాళ్ళు బతికింది అన్న ప్రశ్నకు సామగ్రి వాడుకరుల జ్ఞాపకాలలోనే మిగులుతున్నది. కళాశాల తెలుగుశాఖలు విద్యార్థులచేత ఇటువంటి మాటలను విన్న తేదీ, రాసిన వర్ణక్రమం, వాడినవారి ప్రాంతం, వాడిన సందర్భం అనే నాలుగు వివరాలతో నమోదు చేయించవచ్చు. నాలుగింటిలో సందర్భాన్ని వదిలేస్తే మిగిలేది మరొక మీముల జాబితా.