చేతుల మీదుగా పాకిన తీగ: నల్లగొండ, పాలమూరు ఇళ్లలో మనీ ప్లాంట్

మనీ ప్లాంట్ చామ, కంద కుటుంబానికి చెందిన తీగ. ఆకు తమలపాకును తలపిస్తుంది గానీ రెండింటికీ చుట్టరికం లేదు. తమలపాకుది మిరియాల కుటుంబం. దీని పుట్టిల్లు పసిఫిక్ మహాసముద్రంలో తాహితి పక్కనున్న మూరియా దీవి. 1880లో ఐరోపా వృక్షశాస్త్రజ్ఞులు దీన్ని సాలమన్ దీవుల మొక్కగా భావించి ‘పోథోస్ ఆరియస్’ అని పేరు పెట్టారు. తర్వాత పేరు పలుమార్లు మారి, 1964లో ‘ఎపిప్రెమ్నమ్ ఆరియం’గా కుదురుకుంది. పోథోస్ అన్న పాత పేరు మాత్రం వాడుకలో మిగిలింది. ఆ మాటకు మూలం సింహళ భాష.

వానలు పుష్కలంగా కురిసే దీవిలో పుట్టిన ఈ తీగ నల్లగొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) ఎర్ర చెలకల మీద ఆరుబయట బతకడం కష్టం. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఏడాదికి కురిసేది సుమారు 750 మిల్లీమీటర్లు, పాలమూరులో 600 మిల్లీమీటర్లే. ఎండాకాలం వేడి 40 డిగ్రీలు దాటుతుంది. అందుకే ఈ ప్రాంతంలో ఒకప్పుడు ఇంటి తీగ అంటే పెరటి తీగే. మృగశిర కార్తెలో వాన పడగానే ఆనిగెపు, బీర, కాకర, చిక్కుడు గింజలు నాటి పందిరికో, కొట్టం కప్పు మీదికో పాకించేవారు. స్నానాల నీళ్లు పారేచోట బచ్చలి పెరిగేది. వాకిట్లో మల్లె పందిరి, తులసి గద్దె ఉండేవి. ప్రతి మొక్కా కూరకో, పూలకో, పూజకో పనికొచ్చేది. చేదబావి నుంచి తోడిన నీళ్లను కేవలం చూడముచ్చటైన ఆకు కోసం ఖర్చుపెట్టే అవసరం కనిపించేది కాదు.

ఇల్లు మారాక తీగా మారింది. గూనపెంకుల ఇళ్లు, మిద్దెలు పోయి స్లాబు ఇళ్లు వచ్చాయి. పట్టణాల్లో వాకిలి వరండాగా, బాల్కనీగా కుదించుకుపోయింది. అద్దె గదుల్లో పందిరి వేయడానికి గుంత తవ్వే చోటే లేదు. నేల లేని ఇంటికి నేల అక్కర్లేని తీగ సరిపోయింది. సీసాలో జానెడు నీళ్లు, కిటికీ పక్కన నీడపట్టు వెలుగు ఉంటే చాలు.

ఈ తీగ వ్యాపించిన తీరు విశేషమైనది. పెంపకంలో ఇది దాదాపు పూయదు. పూతను ప్రేరేపించే జిబ్బరెల్లిన్ హార్మోన్ తయారీకి అవసరమైన ఒక జన్యువు సరిగా పనిచేయకపోవడమే కారణమని 2016లో వెలువడిన పరిశోధన తేల్చింది. పూత లేదు కాబట్టి గింజ లేదు. గాలి, పిట్ట దీన్ని మోసుకుపోలేవు. ఒక ఇంటి నుంచి మరో ఇంటికి పోవాలంటే మనిషి తుంచి ఇవ్వాల్సిందే. కడియం నర్సరీల కుండీలు తెలుగు నేలంతటా అమ్ముడవుతున్నా, ఈ మొక్క ఎక్కువగా పక్కింటి నుంచే వస్తుంది. అడిగి తెచ్చుకున్నదాని కన్నా చెప్పకుండా తుంచుకొచ్చిన కొమ్మే కలిసొస్తుందన్న నమ్మకం కూడా ఉంది. కొమ్మ తగ్గినా తల్లి తీగకు నష్టం లేదు. కత్తిరించినచోట కొత్త చిగురు వేస్తుంది.

తుంచే చోటు తెలిసి ఉండాలి. ప్రతి కణుపు దగ్గర ఆకు తొడిమకు ఎదురుగా గోధుమరంగు బుడిపె ఉంటుంది. అదే గాలివేరు మొలక. దాని కింద అంగుళం వదిలి కోసి, బుడిపె మునిగేలా నీళ్లలో పెడితే రెండు మూడు వారాల్లో తెల్లటి వేళ్లు దిగుతాయి. కణుపు లేకుండా ఒట్టి ఆకును పెడితే కొన్నాళ్లు పచ్చగా ఉంటుంది గానీ తీగ సాగదు.

ఈ ప్రాంతంలో అసలు సమస్య నీళ్లదే. నాగార్జునసాగర్ ఎడమ కాలువ మిర్యాలగూడ వైపు పొలాలు తడిపినా, మునుగోడు, దేవరకొండ వంటి మెట్ట ప్రాంతాలు బోర్ల మీదే ఆధారపడ్డాయి. ఆ బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ మనుషుల ఎముకలను వంచింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ 1970లలో రూపొందించింది. దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరే స్థిరపడింది. 2016లో మొదలైన మిషన్ భగీరథతో నది నీళ్లు నల్లాల్లోకి వచ్చాయి. స్పైడర్ ప్లాంట్, డ్రసీనా వంటి ఇంటి మొక్కల ఆకుల కొసలు ఫ్లోరైడ్‌కు మాడిపోతాయి. మనీ ప్లాంట్ వాటికన్నా ఓర్చుకుంటుంది. అయినా నీళ్లలో ఉప్పు ఎక్కువైతే సీసా గోడకు, కుండీ అంచుకు తెల్లటి పొర కడుతుంది. దాన్ని కడిగి, పట్టి ఉంచిన వాన నీళ్లు పోస్తే తీగ తేరుకుంటుంది.

కుండీలో మట్టి పైపొర ఆరాకే నీళ్లు పోయాలి. ఆకులు పసుపుబారి రాలడానికి తరచూ కారణం నీళ్ల కొరత కాదు, వేళ్లు కుళ్లడం. నేరుగా ఎండ తగిలితే ఆకు మాడుతుంది. మరీ చీకటైతే పసుపు చారలు మాయమై పచ్చదనమే మిగులుతుంది. సీసాలో నీళ్లను వారానికోసారి పారబోసి, సీసాను లోపల తోమాలి. లేకుంటే డెంగీ దోమకు అదే గుడ్లు పెట్టే చోటవుతుంది. ఆకులో కాల్షియం ఆక్సలేట్ సూదులు ఉంటాయి. కంద కోసిన చేతిని దురద పెట్టించేవీ ఇవే. పసిపిల్లలు, పెంపుడు జంతువులు నమిలితే నోరు మండి వాస్తుంది.

వేలాడే తీగ సాగేకొద్దీ ఆకు చిన్నదవుతుంది. ఆసరా మీద పైకెక్కే తీగ ఆకు పెద్దదవుతుంది. అడవిలో చెట్లను పట్టుకుని 20 మీటర్ల దాకా ఎక్కినప్పుడు ఆకు మీటరు పొడవు పెరిగి, అంచులు చీలి, గుర్తుపట్టలేనంతగా మారుతుంది. నల్లగొండ, పాలమూరు కిటికీల్లో కనిపించే అరచేతి ఆకు ఆ తీగ బాల్యరూపమే. కణుపు కణుపుకూ తుంచి పంచుకుంటున్నంత కాలం అది ఆ దశలోనే ఇల్లిల్లూ తిరుగుతుంది.