సూళ్లూరుపేట వాడుక భాష

సూళ్లూరుపేట వాడుక భాష అనగా తిరుపతి జిల్లాలోని సూళ్లూరుపేట, తడ, పులికాట్ సరస్సు పరిసర గ్రామాలలో ప్రజలు మాట్లాడే తెలుగు. ఇది నెల్లూరు యాసకు చెందినది. తమిళనాడు సరిహద్దు దగ్గరగా ఉండుట వలన ఇందులో తమిళ పదాలు, పాత రెవెన్యూ కచేరీల ద్వారా పారశీక, అరబ్బీ పదాలు కలిశాయి. దీనిని "అరవం కలిసిన తెలుగు" అని తేలికగా అనడం పరిపాటి. అది సగమే నిజం. అరవమని భావించబడే రూపాలలో కొన్ని అచ్చ తెలుగువి.

నేపథ్యం

సూళ్లూరుపేట కాళంగి నది ఒడ్డున, చెన్నై - గూడూరు రైలు మార్గంలో, చెన్నైకి ఉత్తరాన సుమారు 80 కి.మీ. దూరంలో ఉన్నది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లాలో చేరే వరకు ఇది నెల్లూరు జిల్లాలోని పట్టణం. జిల్లా మారినా యాస పేరు మారలేదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే వరకు ఈ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1960లో జరిగిన సరిహద్దు సవరణలో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్ళగా, పొన్నేరి, తిరువళ్ళూరు తాలూకాలలోని కొన్ని గ్రామాలు ఆంధ్ర ప్రదేశ్‌కు వచ్చాయి. గీత ఎక్కడ గీసినా దానికి రెండు వైపులా రెండు భాషలవారూ మిగిలారు. చెన్నై సబర్బన్ రైళ్ళు సూళ్లూరుపేట వరకు నడుస్తాయి కనుక చదువుకు, వైద్యానికి, ఉద్యోగానికి ఇక్కడివారు చెన్నై వెళ్ళివస్తుంటారు.

1971 అక్టోబరు 9న శ్రీహరికోట నుండి తొలి రాకెట్ ప్రయోగం జరిగింది. అక్కడి అంతరిక్ష కేంద్రం వలన మలయాళం, కన్నడం, హిందీ, తమిళం మాతృభాషలుగా గల కుటుంబాలు ఈ ప్రాంతానికి చేరాయి. ఆ కేంద్రానికి 2002లో సతీష్ ధావన్ పేరు పెట్టినప్పటికీ ఊరివారి నోట అది "షార్"గానే మిగిలింది.

వ్యాకరణ లక్షణాలు

భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు నేలను పూర్వ, దక్షిణ, ఉత్తర, మధ్య మాండలికాలుగా విభజించి నెల్లూరును రాయలసీమతో కలిపి దక్షిణ మాండలికంలో చేర్చారు. సూళ్లూరుపేటవాసి "ఉన్నాడు" అనుటకు "ఉండాడు" అనీ, "వెళ్ళవద్దు" అనుటకు "పోబాకు" అనీ అంటాడు. అక్కడ, ఇక్కడ, ఎక్కడ అనే మాటలకు ఆడ, ఈడ, యాడ వాడతారు. ఎట్టా, అట్టా, ఏంది అనేవి నిత్యం వినిపిస్తాయి.

వీటిని తమిళ ప్రభావానికి అంటగట్టడం సరికాదు. "ఉండాడు" అన్నది తెలుగు "ఉండు" ధాతువు నుండే ఏర్పడింది. తమిళుడు "ఇరుక్కిఱాన్" అంటాడు. "చెయ్యబాకు"కు సమానమైన తమిళ రూపం "శెయ్యాదే". ఆడ, ఈడ అనేవి సరిహద్దుకు ఎంతో దూరాన ఉన్న తెలంగాణలోనూ ఉన్నాయి. తమిళంలో వాటి స్థానంలో అంగే, ఇంగే వస్తాయి. పాఠ్యపుస్తకంలో కనబడని రూపమల్లా తప్పు అని, లేదా పొరుగు భాష అని బడిలో నేర్చుకున్న పిల్లవాడు తన అవ్వ మాటను దిద్దబోతాడు. అతడు దిద్దేది తప్పును కాదు, మరొక తెలుగును.

తమిళం నుండి నిజంగా వచ్చిన పదాలు వేరు. బంగాళాదుంపను ఇక్కడ ఉర్లగడ్డ అంటారు. ఇందులో మొదటి సగం తమిళ "ఉరుళై", రెండవ సగం తెలుగు "గడ్డ". ఇదే దుంప తెలంగాణలో హిందీ, తెలుగు కలిసిన ఆలుగడ్డ అయింది. కోస్తాలో వంగదేశం పేరు పెట్టుకున్నది.

కొన్ని వాడుక మాటల పుట్టుక

తిట్టుగా వాడే "పోరంబోకు" తమిళ "పుఱంపోక్కు" నుండి వచ్చింది. "పుఱం" అనగా వెలుపల. మద్రాసు ప్రెసిడెన్సీ రెవెన్యూ లెక్కలలో శిస్తు విధించని భూమిని ఈ పేరుతో వ్రాసేవారు. చెరువు గర్భం, వాగు, శ్మశానం, బాట మొదలైనవి పోరంబోకులే. అనగా ఒకరి సొంతం కాక ఊరందరికీ పనికివచ్చే నేల. శిస్తు రాని నేల పనికిరానిదనే కచేరీ దృష్టి, క్రమంగా పనికిరాని మనిషి అనే తిట్టుగా మారింది. "బేవార్సు" కథ కూడా ఇటువంటిదే. పారశీక "బే" అనగా లేని, అరబ్బీ "వారిస్" అనగా వారసుడు. వారసుడు లేని ఆస్తి అని దాని మొదటి అర్థం. ఒకటి యజమాని లేని భూమి, మరొకటి హక్కుదారు లేని సొత్తు. రెండూ దస్తావేజులలో నుండి వీధిలోకి నడిచివచ్చాయి. పులికాట్‌కు దక్షిణాన ఉన్న ఎన్నూరు కడలి పాయ విధ్వంసాన్ని గురించి 2017లో గాయకుడు టి.ఎం.కృష్ణ పాడిన తమిళ పాట పోరంబోకు అనే మాటకు పాత గౌరవాన్ని తిరిగి ఇవ్వబూనింది.

"సోది" అనగా ఎరుకల స్త్రీలు చెప్పే జోస్యం. విసుగు పుట్టించే మాటలకు ఆ పేరు తరువాత వచ్చింది. సోది చెప్పడం వారికి జీవనాధారమని ఈ మాట వాడే యువకులలో అందరికీ తట్టదు. ఉచితంగా లభించినదానిని "ఓసీ" అనడం తెలుగులోనూ తమిళంలోనూ ఉన్నది. ఈస్టిండియా కంపెనీ వారి రుసుము లేని ఉత్తరాలపై ఉండే ఆంగ్ల అక్షరాల నుండి అది పుట్టిందనే కథ ప్రచారంలో ఉన్నది. కథ అందంగా ఉన్నంత మాత్రాన నిరూపణ అయినట్లు కాదు.

మాటలు ఒక్క వైపే ప్రయాణించలేదు. చెన్నై వీధి తమిళంలోని "నైనా" తెలుగు "నాయన" నుండి వెళ్ళినదే. కచేరీలు, కోర్టుల ద్వారా తెలుగులో కలిసిన అన్యభాషా పదాలను సి.పి.బ్రౌన్ 1854లో మిశ్రభాషా నిఘంటువుగా ప్రచురించాడు.

సంభాషణ ద్వారా నేర్చుకొనుట

ఇతర రాష్ట్రాల నుండి వచ్చినవారు ఇక్కడ తెలుగును బడిలో కాక బజారులో, బస్సులో, ఆటస్థలంలో నేర్చుకుంటారు. అలా నేర్చినవారికి మొదట పట్టుబడేవి పిలుపులు, తరువాత వెక్కిరింతలు. తమిళ "మచ్చా" స్థానంలో తెలుగు మిత్రులు "మామా" అనో "బావా" అనో అంటారు. మిత్రుల మధ్య అది చనువు. కొత్తగా పరిచయమైన పెద్దవారిని అలా పిలిస్తే లేని బంధుత్వాన్ని కలుపుకున్నట్లు అవుతుంది. ఇందుకే కొత్తవారికి అన్నా, అక్కా అనే పిలుపులు క్షేమం. ఒకే రూపం గల మాటలు కూడా చిక్కు తెస్తాయి. తెలుగులో "అవసరం" అంటే కావలసి ఉండటం, తమిళంలో తొందర. "అవసరం లేదు" అని తెలుగువాడు వద్దన్నప్పుడు, తమిళ మిత్రుడు తొందర లేదు కాబోలనుకొని వేచి ఉండవచ్చు.

యాసను సాహిత్యంలోకి తెచ్చినవారిలో స.వెం.రమేశ్ ముఖ్యులు. పులికాట్ సరస్సు తెలుగు పేరుతో వచ్చిన ఆయన "ప్రళయకావేరి కథలు" ఆ సరస్సులోని దీవుల జీవితాన్ని అక్కడి పలుకుబడిలోనే చెప్తాయి. ఈ ప్రాంతపు మాటలు వినదలచిన విద్యార్థికి ఇంతకంటే మంచి ఆరంభం లేదు.

చరవాణులు వచ్చిన తరువాత మిత్రుల సంభాషణ చాలావరకు వ్రాతలోకి మారింది. ఎదురుగా ఉన్నప్పుడు "పోరంబోకు" అన్నవాడి నవ్వు కనబడుతుంది. వ్రాతలో తిట్టు మాత్రమే కనబడుతుంది. పైగా ఈ వ్రాత ఎక్కువగా రోమన్ లిపిలో సాగుతుంది. ఆ లిపిలో తెలుగు "సొల్లు", తమిళ "సొల్లు" ఒక్క తీరుగానే ఉంటాయి. తెలుగులో అది నోట కారే చొంగ. సొల్లు కబుర్లంటే పనికిమాలిన మాటలు. తమిళంలో అది "చెప్పు" అనే మాట. తమిళ మిత్రుడు చెప్పమని కోరితే, ఆ భాష రాని తెలుగు మిత్రుడు తనను వదరుబోతు అన్నాడనుకొనే వీలున్నది.